మాయమయ్యే ఫొటోలు, మాయం కాని నిఘా

నిడదవోలు స్టేషన్లో రాజమండ్రి రైలు కోసం చూస్తున్న ఒక డిగ్రీ అమ్మాయి ఈమధ్య తన ఫోన్ చూపించింది. కాలవగట్టు మీద దిగిన ఫొటో, కింద రెండు మాటలు. "రేపీపాటికి ఉండదండి. ఉంటే మా బాబాయిగారి దాకా వెళ్ళిపోద్ది" అంది నవ్వుతూ.

24 గంటల్లో కనబడకుండా పోయే ఈ పోస్టులను 2016లో ఇన్‌స్టాగ్రామ్, 2017లో వాట్సాప్ ప్రవేశపెట్టాయి. అంతకుముందే స్నాప్‌చాట్‌లో ఉన్నాయి. పెద్దవాళ్ళు దీన్ని దాపరికం అంటున్నారు. నేను ఏకాంతం అంటాను. వీధి అరుగు, టీకొట్టు, రైలుగట్టు మగపిల్లలవి. ఆడపిల్ల ఎక్కడ నిలబడినా "ఎవరమ్మాయివి?" అనే ప్రశ్నే. ఒక మాట అనేసి మర్చిపోయే వెసులుబాటు మగవాడికి ఎప్పుడూ ఉంది. ఆడపిల్ల అన్న మాట మాత్రం పెళ్ళిచూపుల దాకా వెంటాడుతుంది. నిడదవోలు చాళుక్య వీరభద్రుణ్ణి పెళ్ళాడిన రుద్రమదేవి శాసనాల్లో రుద్రదేవ మహారాజు. రాజ్యమేలడానికి ఆమెకు మగపేరు కావలసివచ్చింది. ఈనాటి అమ్మాయికి మనసు విప్పడానికి మారుపేరుతో మరో అకౌంటు కావలసివస్తోంది.

అయితే ఈ మాయం కావడం ఎంత నిజం? ఫొటోలు పూర్తిగా మాయమవుతాయన్న స్నాప్‌చాట్ మాట తప్పుదోవ పట్టించేదని 2014లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అభియోగం మోపింది. చూసినవాళ్ళెవరైనా స్క్రీన్‌షాట్ తీసుకోవచ్చు. ఇంకో సంగతి, వేధించేవాడికీ ఇదే సాధనం. బెదిరింపు మాయమవుతుంది, బాధితురాలిని మాత్రం "రుజువేదీ?" అని అడుగుతారు.

అప్పుడు ఇంట్లో చేసే మొదటి పని ఫోన్ లాక్కోవడం. తర్వాత చదువు మాన్పించడం. నేరం ఒకరిది, శిక్ష మరొకరికి! 2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు 21 శాతం, పురుషులు దాదాపు 49 శాతం. లాక్కున్న ప్రతి ఫోనూ ఈ అంతరాన్ని పెంచుతుంది. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ హక్కు గడప బయటే ఆగిపోవాలా?

కార్యకర్తలుగా మనం చేయవలసింది ఉంది. బెదిరింపు వస్తే చెరిపేయకుండా, మాయమయ్యేలోగా మరో ఫోన్‌తోనైనా ఫొటో తీసి ఉంచమని పిల్లలకు చెప్పాలి. అనుమతి లేకుండా రహస్యాంగాల చిత్రాలు తీసినా, పంపినా ఐటీ చట్టం 66ఇ కింద నేరం. వెంటపడి వేధిస్తే భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ ఉంది. స్టేషన్‌కి ఆమెతో పాటు మనమూ వెళ్ళాలి. అంతకన్నా ముందు, "నువ్వెందుకు పెట్టావు?" అనే ప్రశ్నను మన నోటినుంచే తీసేయాలి.