మోత తగ్గాలి... మాధుర్యం తగ్గకూడదు!

ఇంట్లోకి ఎలక్ట్రిక్ గిటార్ వచ్చిందంటే దాని వెనకే యాంప్లిఫయర్ వస్తుంది. ఆ వెనకే పక్కింటివాళ్లూ వస్తారు! ‘కాస్త సౌండ్ తగ్గించరా’ అని అమ్మ. ‘తగ్గిస్తే బాగుండదమ్మా’ అని అబ్బాయి. ఈ తగవులో న్యాయం ఎవరి వైపుంది?

పాత యాంప్‌ల సంగతైతే అబ్బాయి మాటే నిజం. ఇప్పుడు ఎక్కువ మంది పిల్లలు కొనుక్కుంటున్న ‘మోడలింగ్ యాంప్’ దగ్గర మాత్రం అమ్మదే గెలుపు. కాకపోతే దాని లోపలున్న కొన్ని సెట్టింగుల గుట్టు తెలియాలి.

ఉప్పూకారం... పొయ్యి మంట

ఏ గిటార్ యాంప్‌లోనైనా రెండు భాగాలుంటాయి. మొదటిది ప్రీయాంప్. తీగల నుంచి వచ్చే బలహీనమైన సిగ్నల్‌ని పెంచి, బేస్, మిడిల్, ట్రెబుల్ పాళ్లు కలుపుతుంది. రెండోది పవర్ యాంప్. స్పీకర్‌ని కదిలించే బలం దానిది. వంటింటి భాషలో చెప్పాలంటే ప్రీయాంప్ ఉప్పూకారం, పవర్ యాంప్ పొయ్యి మంట. దినుసులన్నీ అవే అయినా కట్టెల పొయ్యి మీద కూర రుచి వేరు కదా!

దీనికి చరిత్రలోనే సాక్ష్యం ఉంది. 1962లో లండన్‌లోని హాన్వెల్‌లో సంగీత పరికరాల దుకాణం నడుపుతున్న జిమ్ మార్షల్ బృందం అమెరికావాళ్ల ‘ఫెండర్ బాస్‌మన్’ యాంప్‌ని చూసి తమదైన యాంప్ తయారుచేసింది. అదే జేటీఎం45. సర్క్యూట్ దాదాపు అదే. కానీ వాల్వులు, ట్రాన్స్‌ఫార్మర్లు, స్పీకర్లు వేరు. ఆ తేడాలతోనే కొత్త స్వరం పుట్టింది. తర్వాత రాక్ సంగీతంలో మార్షల్ పేరు మారుమోగిపోయింది.

చెవులు కట్టిన మూల్యం

ఆ యాంప్‌లలో తాతల కాలం రేడియోల్లో వెలిగే వాల్వుల్లాంటివే ఉండేవి. వాటికో చిత్రమైన గుణం ఉంది. తట్టుకోగలిగినంత బలంతో పనిచేసేటప్పుడే వాటి స్వరం చిక్కబడి, తీయగా చీలుతుంది. అంటే ఆ రుచి కావాలంటే వాల్యూమ్ పెంచి తీరాలి. 1965 ప్రాంతంలో ‘ది హూ’ బృందం ఇంకా పెద్ద మోత కావాలని అడగడంతో మార్షల్ 100 వాట్ల యాంప్‌లు చేశారు. ఆ బృందం గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్ వినికిడి తర్వాత బాగా దెబ్బతింది. అయితే స్టూడియోలో గంటల తరబడి హెడ్‌ఫోన్స్ పెట్టుకోవడమే అందుకు అసలు కారణమని ఆయనే 2006లో చెప్పారు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ పనికొస్తుంది.

మోడలింగ్ యాంప్ చేసిన గొప్ప పని ఏమిటంటే, స్వరాన్నీ మోతనీ విడదీయడం. లైన్ 6 సంస్థ 1996లో తెచ్చిన యాక్సిస్ 212 ఈ దారిలో తొలి అడుగుల్లో ఒకటి. లోపలి డిజిటల్ చిప్ పాత వాల్వు యాంప్ నడకని లెక్కల్లో అనుకరిస్తుంది. 2010లో వచ్చిన ఫెండర్ మస్టాంగ్‌ని కంప్యూటర్‌కి కలిపి పవర్ యాంప్ సెట్టింగులు కూడా మార్చుకునే వీలుండేది.

ఏ బటన్ ఏం చేస్తుంది?

చాలామంది పిల్లలు మోడల్ ఎంచుకోగానే ‘గెయిన్’ చివరిదాకా తిప్పేస్తారు. అది ప్రీయాంప్ డిస్టార్షన్. మితిమీరితే ఈగల మోతే మిగులుతుంది. అలా కాకుండా ఈ వరుసలో ప్రయత్నించమనండి.

ముందు రివెర్బ్, డిలే వంటి హంగులన్నీ ఆపేయాలి. టోన్ బటన్లు మధ్యలో ఉంచి, గెయిన్ సగానికి తగ్గించాలి. ఇప్పుడు మోడల్‌లోని ‘మాస్టర్’ పెంచాలి. గదిలో వినిపించే సౌండ్‌కి చాలా యాంప్‌లలో వేరే వాల్యూమ్ ఉంటుంది. దాన్ని తగ్గించే ఉంచాలి. పవర్ యాంప్ చెమటోడుస్తున్న స్వరం వస్తుంది, గోడ అవతలికి వినిపించదు.

తర్వాత ‘శాగ్’. తీగని గట్టిగా మీటినప్పుడు వాల్వు యాంప్‌లో వోల్టేజీ ఒక్క క్షణం కుంగి మళ్లీ లేస్తుంది. దాంతో స్వరం సాగినట్టు ఉంటుంది. నెమ్మదిగా సాగే బాణీలకి శాగ్ కాస్త ఎక్కువ, వేగంగా వాయించే రిథమ్‌కి తక్కువ బాగుంటాయి.

‘బయాస్’ అంటే ఏమీ వాయించనప్పుడు కూడా పవర్ వాల్వులో పారే కరెంటు. తగ్గిస్తే స్వరం పలచగా, గరగరగా ఉంటుంది. పెంచితే వెచ్చగా, నిండుగా ఉంటుంది. నిజమైన వాల్వులో మరీ పెంచితే అది త్వరగా పాడవుతుంది. మోడల్‌లో ఆ భయం లేదు. చివరగా ‘ప్రెజెన్స్’. పై స్థాయి పదును దీనిదే.

కొన్నింటిలో వాల్వుల రకమూ మార్చుకోవచ్చు. 6ఎల్6 ఫెండర్ ట్విన్ తరహా, ఈఎల్34 మార్షల్ తరహా, ఈఎల్84 వాక్స్ ఏసీ30 తరహా. ఒకసారికి ఒక్కటే మార్చి, విని, కొత్త పేరుతో సేవ్ చేసుకోవడం మంచిది. అన్నీ ఒకేసారి తిప్పితే ఏది ఏం చేసిందో తెలియదు.

ఇంకో చిక్కు. ఇంట్లో తక్కువ సౌండ్‌లో చేసుకున్న సెట్టింగు కాలేజీ వేదిక మీద గుమగుమలాడిపోవచ్చు. తక్కువ సౌండ్‌లో మన చెవికి బేస్ సరిగా అందదు. ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే ఈ సంగతి వివరించారు. అందుకని ఇంట్లో బేస్ ఎక్కువ పెట్టేస్తాం. వేదికకి వేరే సెట్టింగు ఉంచుకుని, అక్కడ బేస్ తగ్గించుకోవాలి.

పెద్దల లెక్క

మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెల్స్ పరిమితి పెట్టాయి. రాత్రి సాధనకి హెడ్‌ఫోన్సే దిక్కు. అప్పుడు స్పీకర్ పెట్టె స్వరాన్ని అనుకరించే ‘క్యాబినెట్’ సెట్టింగు ఆన్‌లో ఉండాలి. లేకపోతే స్వరం గీరుకున్నట్టు ఉంటుంది, పిల్లలు దాన్ని కప్పిపుచ్చడానికి మళ్లీ వాల్యూమే పెంచుతారు. టౌన్‌షెండ్ మాట ఇక్కడే గుర్తుకు రావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పెద్దలకి 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినొచ్చు. 90 అయితే నాలుగు గంటలే!

ఈసారి గదిలోంచి మోత వినిపిస్తే తలుపు కొట్టి ‘ఆపు’ అనకండి. ‘గెయిన్ సగం చేసి, మాస్టర్ పెంచి, బయటి వాల్యూమ్ తగ్గించి చూడు’ అనండి. వాడు నోరు తెరిచి చూసే ఆ కాసేపైనా ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది!