మన బొమ్మ ఎవరు గీయాలి?

తాతల కాలంలో ‘మొఘల్-ఎ-ఆజమ్’ (1960), ‘పాకీజా’ (1972) వంటి సినిమాలు ముస్లింలను పాదుషాలుగా, నవాబులుగా చూపాయి. తండ్రుల కాలంలో, తెలుగులోకీ వచ్చిన ‘రోజా’ (1992) తెర మీద తీవ్రవాదిని నిలబెట్టింది. ఆ వైభవంలోనూ, ఈ భయంలోనూ బీడీలు చుట్టే తల్లి, పంక్చర్లు వేసే తండ్రి లేరు.

నేటి పిల్లలు ఫోన్‌తో తమ బొమ్మ తామే తీసుకుంటున్నారు. అయితే 2021లో ‘సుల్లీ డీల్స్’, 2022లో ‘బుల్లీ బాయి’ యాప్‌లు ముస్లిం మహిళల ఫొటోలను దొంగిలించి ‘వేలం’ పెట్టాయి. ‘ఫొటోలు తీసేయ్ బేటీ’ అనే పెద్దల భయం సహజమే. కాని సిగ్గుపడవలసింది దొంగ, ఆడపిల్ల కాదు. ఆమె తప్పుకుంటే మళ్లీ ఇతరులే మన బొమ్మ గీస్తారు.

పెద్దలారా! ఫోన్ లాక్కోకండి, తోడు నిలవండి. యువతీయువకులారా! నిందలకు జవాబులతోనే సరిపెట్టకండి. బీడీలు చుట్టే ఆ చేతుల్ని కూడా చూపండి.