చక్కెర డబ్బా పక్కన బిళ్ళల డబ్బీ

నాన్నగారికి షుగర్ వచ్చిందని ఇంట్లోకి తీపి బిళ్ళల డబ్బీ వస్తుంది. నెల తిరక్కుండా ఇంటిల్లిపాదీ దానికి అలవాటు పడతారు. లావు తగ్గుతానని కోడలు, ముందుజాగ్రత్త అని కొడుకు, చివరికి పిల్లల పాలలోకి కూడా అదే. చాలా ఇళ్ళల్లో చూస్తున్నాను, బాధేస్తోంది. షుగర్ ఉన్న మనిషికి అక్కరకొచ్చే వస్తువు అందరికీ మేలు చేస్తుందనుకోవడం దగ్గరే తప్పటడుగు పడుతోంది.

2023 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ విషయం మీద సలహా ఇచ్చింది. బరువు అదుపులో పెట్టుకోవడానికి చక్కెరకు బదులు ఇలాంటివి వాడొద్దంది. దీర్ఘకాలం వాడినా ఒంట్లో కొవ్వు తగ్గుతున్న దాఖలా లేదంది. ఇప్పటికే మధుమేహం ఉన్నవాళ్ళకు ఈ సలహా వర్తించదని కూడా చెప్పింది. ఈ రెండో ముక్క మనదాకా సరిగ్గా చేరలేదు.

అదే ఏడాది జులైలో, ఇలాంటి కొన్ని బిళ్ళల్లో తీపినిచ్చే అస్పర్టేమ్‌ను క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థాల జాబితాలో చేర్చారు. ఆధారాలు పరిమితంగా ఉన్నప్పుడు పెట్టే జాబితా అది. ఎంతవరకు తీసుకోవచ్చో తేల్చే నిపుణుల సంఘం మాత్రం కిలో బరువుకు రోజుకు 40 మిల్లీగ్రాములన్న పాత హద్దునే ఉంచింది. 60 కిలోల మనిషికి అది 2,400 మిల్లీగ్రాములు. కాఫీలో వేసుకునే బిళ్ళలో ఉండేది పదుల మిల్లీగ్రాముల్లోనే. కాబట్టి ఆ పెద్దాయన రెండు పూటలా ఒక్కో బిళ్ళ వేసుకుంటే హడలిపోనక్కర్లేదు. కాఫీలో చక్కెర మానేశాం కదా అని రెండోసారి అన్నం వడ్డించుకోవడం, షుగర్‌ఫ్రీ అని రాసుంది కదా అని స్వీటుషాపు నుంచి అరకిలో తెచ్చుకోవడం ఎక్కువ ప్రమాదం. ఆ మిఠాయిలో కోవా, నెయ్యి, పిండి ఎక్కడికీ పోలేదు.

పొడి రూపంలో దొరికేవి కొనేముందు వెనక సన్న అక్షరాలు చదవండి. వాటిలో కొన్నింటికి తీపినిచ్చే సుక్రలోజ్ తీపి చక్కెరకు సుమారు 600 రెట్లు. కావలసింది అణువంతే కాబట్టి, స్పూనుతో వేసుకోవడానికి వీలుగా చాలావాటిలో మాల్టోడెక్స్‌ట్రిన్, డెక్స్‌ట్రోజ్ కలుపుతారు. రెండూ రక్తంలో గ్లూకోజ్‌ను పెంచేవే. ఇక బెల్లం సంగతి. అందులోనూ అత్యధిక భాగం సుక్రోజే, అంటే చక్కెరే. రుచి కోసం వాడుకోండి, షుగర్‌కు మంచిదని మాత్రం వాడకండి.

పండగ వంటల జోలికి ఈ బిళ్ళల్ని రానివ్వకూడదని నా గట్టి అభిప్రాయం. అరిసెల పాకం పట్టేటప్పుడు పళ్ళెంలో నీళ్ళు పోసి, గరిటెతో కాస్త పాకం వేసి, వేళ్ళతో దగ్గరికి తీసి చూస్తాం. మెత్తగా ఉండ కట్టిందంటే దించి తడి బియ్యప్పిండి కలుపుతాం. ఆ పిండిని పట్టి ఉంచేదీ, నూనెలో పడగానే ఎర్రటి రంగు తెచ్చేదీ బెల్లమే. బిళ్ళతో తీపి వస్తుంది గానీ పాకం రాదు. అస్పర్టేమ్ అయితే పొయ్యి వేడికి ఆ తీపి కూడా పోగొట్టుకుంటుంది. సంక్రాంతికి బెల్లంతోనే వండుకుందాం. షుగర్ ఉన్నవాళ్ళు డాక్టరుకు చెప్పి, ఆ పూట అన్నం తగ్గించుకుని, అరిసెలో ఓ ముక్క తింటే తృప్తీ మిగులుతుంది.

మిగతావాళ్ళ కోసం ఒక్క లెక్క చూడండి. నలుగురున్న ఇంట్లో నెలకు 3 కిలోల చక్కెర అయిపోతుంటే తలకు రోజుకు 25 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మేలని చెప్పే హద్దు దాదాపు అదే. బిస్కెట్లు, కూల్‌డ్రింకులు ఈ లెక్కలో లేవు. 5 కిలోలు కొంటుంటే 40 గ్రాములు దాటినట్టే.

తగ్గించాలంటే ముందు టీ గిన్నెతో మొదలుపెట్టాలి. మన ఇళ్ళల్లో పాలు, టీపొడి, చక్కెర ఒకే గిన్నెలో మరుగుతాయి, అందరికీ ఒకటే తీపి. చక్కెర వెయ్యకుండా దించి, ఎవరి గ్లాసులో వాళ్ళు కలుపుకోనివ్వండి. నాన్నగారికి ఆయన బిళ్ళ, కోడలికి అర స్పూను. కొన్ని వారాల్లో నాలుక ఆ అర స్పూనుకు అలవాటు పడుతుంది. బిళ్ళలతో ఆ మేలు లేదు, నాలుక పాత తీపినే కోరుతూ ఉంటుంది.

పిల్లల పాలలోంచి బిళ్ళను ఈ రోజే తీసెయ్యండి. అస్పర్టేమ్ ప్యాకెట్ల మీద పిల్లలకు వద్దని అచ్చు వేసే ఉంటుంది. చక్కెర ఒక్కసారిగా మానేస్తే గ్లాసు పక్కకు నెట్టేస్తారు కాబట్టి, వారానికి పావు స్పూను చొప్పున తగ్గించుకుంటూ వస్తే చాలు.