సగటు మనిషి ఓపీకి రాడు
గుండెపోటు నుంచి కోలుకున్నవారికి స్టాటిన్, ఆస్పిరిన్ రాయడంలో పెద్ద పేచీ లేదు. ఆపైన ఏం కలపాలన్న దగ్గరే లెక్క మనిషిని బట్టి మారాలి. 2017లో వెలువడిన కంపాస్ అధ్యయనమే చూడండి. ఆస్పిరిన్‌కు రక్తం గడ్డకట్టకుండా చూసే రివరాక్సబాన్‌ను చిన్న మోతాదులో జోడిస్తే గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు కలిపి 5.4 శాతం నుంచి 4.1కి తగ్గాయి. పెద్ద రక్తస్రావాలేమో 1.9 నుంచి 3.1 శాతానికి పెరిగాయి. మొత్తం మీద లాభమే. అయితే షుగరుతో పాటు కాళ్ల రక్తనాళాలూ పూడుకున్నవారికి మేలుచేసే ఆ మాత్రే, కడుపులో పుండుతో ఒకసారి రక్తం పోయిన పెద్దాయనకు ముప్పు కావచ్చు.

ఇలా మనిషిని బట్టి మందు ఎంచడం డాక్టర్లు అనుభవంతో చేస్తున్నదేగా అంటారు. కొంత నిజం. కానీ వయసు, కిడ్నీల పనితీరు, కొలెస్ట్రాల్, పొగతాగే అలవాటు కలగలిసిన ముప్పును కంటిచూపుతో తూచలేం. అందుకే ఆ ముప్పును లెక్కగట్టే స్మార్ట్ లాంటి స్కోర్లు వచ్చాయి. స్మార్ట్ నెదర్లాండ్స్ రోగుల వివరాలతో తయారైంది కాబట్టి మన రోగులతో సరిచూడకుండా నమ్మకూడదు. అసలు గట్టి అభ్యంతరం వేరు. 2011 నాటి ప్యూర్ అధ్యయనం ప్రకారం మన దేశంతో సహా తక్కువ ఆదాయ దేశాల్లో గుండెజబ్బు లేదా పక్షవాతం వచ్చిన రోగుల్లో సుమారు 80 శాతం మంది అప్పట్లో ఒక్క నివారణ మందూ వాడలేదు. ముందు ఆ చవక మాత్రలు అందనివ్వండి అంటారు. అందాల్సిందే. అయితే చేతిలో డబ్బు తక్కువైనప్పుడే, ఖరీదైన అదనపు మందు ఎవరికి అక్కర్లేదో తేల్చడం మరింత అవసరం.