రేడియోలో శిష్యరికం - ఏ తెలుగులో?

పత్రికకు అక్షరం కావాలి. రేడియోకు గొంతు చాలు. తెలుగునాట కూర్చొని చూసేవారికి ఇది చిన్న తేడాగా కనిపించవచ్చు గాని, తమిళనాడు తెలుగువారికి మాత్రం కాదు. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం ఒకటో తరగతి మొదలుకొని పదో తరగతి వరకు తమిళాన్ని అంచెలంచెలుగా తప్పనిసరి చేసింది. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, తెలుగు అక్షరం ఒక్కటి కూడా గుర్తుపట్టలేని పిల్లలు ధర్మపురి జిల్లాలోని మా ఏ. పళ్లిపట్టి వంటి ఊళ్లలో ఉన్నారు. ఈ పిల్లలకు ఇప్పటికీ తెరచి ఉండవలసిన వాకిలి రేడియో. ఆ వాకిట నిలబడినవారు వీరిని ఏమని ఆపుతున్నారన్నదే నా ఫిర్యాదు.

ఇంటర్న్ అనే మాట ఇప్పుడు అందరి నోటా ఉన్నది. శిక్షణార్థి అని కాగితం మీద రాయవచ్చు. నాకు మాత్రం మన పాత మాట శిష్యరికమే నచ్చుతుంది. నాదస్వరం నేర్చుకొనే కుర్రవాడు గురువు వెనుక కూర్చొని శ్రుతి పట్టినట్లే, రేడియోలో కొత్తగా చేరినవారూ మొదట వినడమే నేర్చుకొంటారు. నోటికీ మైకుకూ మధ్య జానెడు దూరం ఉంచడం, ‘ప’, ‘ఫ’ పలికేటప్పుడు మైకు మీద ఊపిరి కొట్టకుండా మొగం కాస్త పక్కకు తిప్పడం, పల్లెలో ముసలమ్మ మాటలు ఎక్కించుకొనే ముందు ఫ్యాను ఆపమని అడగడం, ఆమె మాట తడబడిన చోట ఎంత కత్తిరించాలో, ఎంత వదిలేయాలో తెలుసుకోవడం - ఇవి పుస్తకంతో వచ్చేవి కావు. చెయ్యి తిరగాలి, చెవి పండాలి.

మా తమ్ముడి కూతురు ఒక తెలుగు రేడియో కేంద్రంలో మూడు నెలలు ఇట్లా శిష్యరికానికి చేరింది. కేంద్రం పేరుతో ఇక్కడ పని లేదు. తెలుగు చదవడం రాదు కాబట్టి, చేతికిచ్చిన ప్రకటనలను ఎవరిచేతనైనా చదివించుకొని తమిళ లిపిలో రాసుకొనేది. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. ప, ఫ, బ, భలకూ అంతే. అందువల్ల కాగితం మీద ‘గాలి’, ‘కాలి’ ఒకటే. ‘బడి’, ‘పడి’ ఒకటే. ఇంట్లో ఎన్నడూ తప్పు పలకని పిల్ల, కాగితం చూసి చదివేసరికి బడిని పడి చేసింది. పక్కవాళ్లు నవ్వారు. ఆమె తప్పు తెలుగుది కాదు, లిపిది. ఆ తేడా చెప్పేవారు అక్కడ ఒక్కరూ లేకపోయారు.

అదే అమ్మాయి కాగితం పక్కన పెట్టి సొంతంగా మాట్లాడినప్పుడు వచ్చిన అభ్యంతరం మరొకటి. ‘వాన’ అంటే ‘వర్షం’ అనమన్నారు. ‘మరవళ్లి’ అంటే తమిళం కలిపావన్నారు, కర్రపెండలం అనాలట. “పెదనాయనా, మా చేలో పండేదాన్ని మా అమ్మ పిలిచే పేరుతో చెప్పకూడదా?” అని నన్ను అడిగింది. వాన అచ్చమైన తెలుగు, వర్షం సంస్కృతం. తెలుగు తక్కువయిందని దిద్దినవారు తెలుగు మాటనే తీసేశారు! మరవళ్లి తమిళమే, ఒప్పుకొంటాను. సేలం, ధర్మపురి ప్రాంతాల రైతుకు ఆ దుంప ఆ పేరుతోనే తెలుసు. స్టూడియో, మైకు, ఇంటర్న్ అనే మాటలు నిరభ్యంతరంగా తిరిగే గదిలో మరవళ్లికి మాత్రం ప్రవేశం ఎందుకు లేకపోవాలి? రెండు పేర్లూ చెప్పమంటే సరిపోయేది. వినేవారికి ఒక మాట అదనంగా దక్కేది.

తమిళ నేల మీద తెలుగు రేడియో కొత్త వింత కాదు. 1938 జూన్ 16న ఆకాశవాణి మద్రాసు కేంద్రం మొదలయింది. బెజవాడలో కేంద్రం 1948 డిసెంబరు 1న గాని రాలేదు. ఆ నడుమ పదేళ్లు ఆంధ్ర ప్రాంతం విన్న తెలుగు ప్రసారం మద్రాసు నుండి వచ్చినదే. 1941లో బాలాంత్రపు రజనీకాంతరావు అడుగుపెట్టింది ఆ కేంద్రంలోనే. ‘రేడియో అన్నయ్య’ న్యాయపతి రాఘవరావు, ‘రేడియో అక్కయ్య’ కామేశ్వరి పిల్లలను చేరదీసిందీ మొదట అక్కడే. రేడియో తెలుగు అనేదాన్ని అంతకుముందు ఎవరూ రాసిపెట్టలేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ వారే దాన్ని తయారుచేశారు. తమిళుల నడుమ పుట్టిన ఆ ప్రసార భాషను ఇప్పుడు తమిళనాడు తెలుగు పిల్లను బయట నిలబెట్టడానికి కొలబద్దగా వాడుతున్నారు.

ఇంకోరకంగా చేయవచ్చునని చూపినవారు ఉన్నారు. జహీరాబాదు దగ్గర మాచునూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు నడిపిన సంఘం రేడియో అటువంటిది. యునెస్కో సాయంతో 1990ల చివరనే అక్కడ స్టూడియో సిద్ధమయింది, కాని ప్రసారానికి అనుమతి లేదు. దాదాపు పదేళ్లు వారు కార్యక్రమాలను క్యాసెట్లకెక్కించి సంఘం కూటములలో వినిపించుకొన్నారు. 2008 అక్టోబరు 15న ఎఫ్.ఎం. ప్రసారం మొదలయింది. దాన్ని నడిపిన ఆల్గోల్ నర్సమ్మ, ‘జనరల్’ నర్సమ్మ పల్లెలో పుట్టి పెరిగినవారు, పని చేస్తూ పని నేర్చుకొన్నవారు. వారి మాట వారి ఊరి మాటే. విత్తనాల గురించి, పండుగల గురించి ఆ మాటలోనే చెప్పారు, వినేవారికి అర్థమయింది. ఆ ప్రారంభోత్సవానికి వచ్చిన జస్టిస్ పి.బి. సావంత్, 1995 ఫిబ్రవరి 9న గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పిన ధర్మాసనంలోనివారే. అదే తీర్పులో మన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి కూడా ఉన్నారు.

ఆ ఆస్తిలో మా వాటా అడగడానికి దారి లేకపోలేదు. 2006లో కేంద్రప్రభుత్వం సామాజిక రేడియోను స్వచ్ఛంద సంస్థలకు కూడా తెరిచింది. కార్యక్రమాలలో కనీసం సగం అక్కడి ప్రజల భాగస్వామ్యంతో తయారు కావాలనీ, స్థానిక భాషలో, యాసలో ఉంటే మేలనీ ఆ నిబంధనలే చెప్పాయి. ధర్మపురిలో స్థానిక భాష ఏది అంటే అధికారి తమిళం అంటాడు. అది అబద్ధం కాదు, సగం నిజం. తెలుగు, కన్నడం కూడా ఇక్కడి ఇళ్లలోనివే. జహీరాబాదుకూ మాకూ తేడా లేదని నేను అనడం లేదు. అక్కడ వీధి భాషా ఇంటి భాషా ఒకటే, ఇక్కడ కాదు. ఇక్కడ వచ్చే ఏ కేంద్రమైనా తమిళంతో కలిసి నడవవలసిందే. కలిసి నడవడమంటే తెలుగు నోరు మూసుకోవడమని మాత్రం ఎవరూ అనుకోకూడదు.

తెలుగు కేంద్రాలవారిని నేను కోరేది పెద్దది కాదు. మా పిల్లలు చేరినప్పుడు మొదటి రోజునే చేతికి కాగితం ఇవ్వకండి. టేపు ఇచ్చి ఊరికి పంపండి, ఇప్పుడు సెల్‌ఫోనైనా చాలు. వారి అవ్వ చెప్పే కత ఎక్కించుకు రమ్మనండి. దాన్ని దిద్దకుండా వినిపించండి. స.వెం. రమేశ్ ‘ప్రళయకావేరి కథలు’ పులికాటు సరస్సు ఒడ్డు నుడిలో వస్తే చదువరులు నెత్తిన పెట్టుకొన్నారు గదా! కంటికి ఇంపయిన యాస చెవికి ఎందుకు చేదవుతుంది?

అయితే గొంతు ఉంటే చాలు, లిపితో పని లేదనే వాదాన్ని నేను ఒప్పుకోను. ఈ మధ్య మా వాళ్లలోనే కొందరు ఆ మాట అంటున్నారు. లిపి లేకపోతే శిష్యరికం శిష్యరికంగానే మిగిలిపోతుంది. వార్తలు చదివే కుర్చీ, కార్యక్రమం రాసే బల్ల ఎప్పుడూ ఇంకొకరివే అవుతాయి. మా తమ్ముడి కూతురు ఇప్పుడు గుణింతాలు దిద్దుతున్నది. క, గ వేరువేరుగా రాయగలిగిన రోజున ఆ పాత ప్రకటనల కాగితాలను మళ్లీ తీసి చదివింది. బడి బడిగానే పలికింది. ఆమెతోపాటు మరో ఐదారుగురు ఆదివారాలు మా అరుగు మీద కూర్చొంటున్నారు. వాచకాలు తమిళనాడులో దొరకడం కష్టంగా ఉన్నది. ఒకటి, రెండు తరగతుల పాత తెలుగు వాచకాలు ఉన్నవారు పంపితే దిద్దించడానికి మేము సిద్ధం.