మంట ఆరినంక మిగిలే పొగ ఎవల లెక్కల?

ఏటా ఏప్రిల్ 14 నుంచి దేశమంత అగ్నిమాపక వారోత్సవాలు జేస్తరు. 1944ల గదే రోజు బొంబాయి రేవుల ఓడ పేలితె, మంటలార్పబోయి 66 మంది ఫైర్ సిబ్బంది పానాలిడిసిన్రు. వాళ్లను యాది జేసుకునుడు మంచిదే. కని నేనడిగేది ఇంకో లెక్క. ఇరవై, ముప్పై ఏండ్లు పొగ మింగి, రిటైరైనంక క్యాన్సర్‌తోని పోయినోళ్ల పేర్లు ఏ రిజిస్టర్ల ఉంటయి?

ఇది ఉత్త అనుమానం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2007ల ఫైర్‌మన్ పనితోని క్యాన్సర్ 'రావొచ్చు' అన్నది. 2022ల 'వస్తది' అని తేల్చింది. పొగాకు, ఆస్‌బెస్టాస్ ఉన్న మొదటి గ్రూపులనే ఈ కొలువును గూడ పెట్టింది. ఊపిరితిత్తుల పొరకు వచ్చే మెసోథీలియోమాకు, మూత్రాశయ క్యాన్సర్‌కు ఆధారాలు గట్టిగున్నయని చెప్పింది.

ఇగ మా మేడ్చల్, శామీర్‌పేట దిక్కు చూడుండ్రి. ఒకప్పుడు అంటుకుంటే గడ్డివామో, గుడిసెనో. ఇప్పుడు హైవే పొంటి గోదాములు, జీడిమెట్లల ప్లాస్టిక్ ఫ్యాక్టరీలు, జీనోమ్ వ్యాలీల మందుల కంపెనీలు. పరుపుల ఫోం కాలితె సైనైడ్ గ్యాస్ లేస్తది. పీవీసీ వైర్లు కాలితె వచ్చే పొగ లోపలి తడికి తాకి యాసిడ్ అయితది. షెడ్ల మీది సిమెంటు రేకులు మంటకు పగిలితె ఆస్‌బెస్టాస్ నూగు గాలిల కలుస్తది. పైంగ ఏం కాలుతుందో ముందుగాల తెల్వది. 2023 నవంబర్ 13న నాంపల్లి బజార్‌ఘాట్‌ల అంతమంది సచ్చిపోయిన అపార్ట్‌మెంట్ కింద కెమికల్ డ్రమ్ములున్నయని ఎవలనుకున్నరు?

'వాళ్లకు ఆక్సిజన్ మాస్కులుంటయి గదా' అంటరు. మాస్క్ మంటల్లకు పోయేటప్పటికే. మంట తగ్గినంక శిథిలాలు తిరగేసి నిప్పు ఆర్పేటప్పుడు దాన్ని తీసేస్తరు. విషపు పొగ అప్పుడు గూడ లేస్తనే ఉంటది. మసి మెడకు, చేతులకు అంటుకుని తోలు గుండ లోపలికి పోతది. గదే డ్రెస్‌తోని బండెక్కుతరు, గదే వాసనతోని ఇంటికి పోతరు.

కెనడాల మానిటోబా రాష్ట్రం 2002లనే చట్టం జేసింది. ఇన్నేండ్లు పనిజేసిన ఫైర్‌మన్‌కు ఫలానా క్యాన్సర్ వస్తే, అది కొలువుతోనే వచ్చిందని సర్కారే ఒప్పుకుంటది. రుజువు జేసుకునే బరువు ఇంటోళ్ల మీద పడది. మనకు గూడ అసుంటి చట్టం కావాలె. దానికి ముందు రాత కావాలె: ఏ రోజు, ఏ మంట, ఏం కాలింది, ఎవలెవలు ఎంతసేపున్నరు.

మిగిలినవి కోట్ల పనులు కావు. మంట కాడనే సూట్లను సబ్బునీళ్లతోని కడగాలె. మనిషికి రెండో జత ఇయ్యాలె. స్టేషన్‌ల తానానికి జాగ ఉండాలె. ఏటా పరీక్షలు చేపియ్యాలె, రిటైరైనంక గూడ. ప్రతి ఫ్యాక్టరీ, గోదాము తన తాన ఏ కెమికల్ ఎంతున్నదో దగ్గరి ఫైర్ స్టేషన్‌కు రాసియ్యాలె.

తమ్మీ, చెల్లే, 2022 కానిస్టేబుల్ నోటిఫికేషన్‌ల ఫైర్‌మన్ పోస్టులు గూడ వచ్చినయి. రేపు మళ్ల వస్తే మీలనే ఎంతోమంది గ్రౌండ్‌ల ఉరుకుతరు. ఆ కొలువుకు ఛాతి కొలిచి తీసుకుంటరు. ఇరవై ఏండ్లైనంక ఆ ఛాతి లోపల ఏమున్నదో చూసే జిమ్మెదారి గూడ సర్కారుదే. కొలువు అడిగినంత గట్టిగ గదీ అడుగుండ్రి.