ముందు తల, తర్వాతే వాట్లు

2003 మార్చిలో పారిస్–నీస్ సైకిల్ రేసులో కజకిస్తాన్ రైడర్ ఆండ్రీ కివిలెవ్ కిందపడ్డాడు. తలకు హెల్మెట్ లేదు, మర్నాడే కన్నుమూశాడు. ఆ మే నెల నుంచే ప్రొఫెషనల్ రోడ్డు రేసుల్లో హెల్మెట్ తప్పనిసరైంది.

ఈ సంచికలో మొదటి పేజీలు అందుకే హెల్మెట్‌వి. లోపలి థర్మకోల్ లాంటి పొర తాను నలిగి దెబ్బను తీసుకుంటుంది. గట్టిగా పడ్డాక పగులు కనిపించకున్నా మార్చేయాల్సిందే. హెల్మెట్ కనుబొమ్మలకు రెండు వేళ్ల పైన, నుదురు కప్పేలా ఉండాలి. వెనక్కి నెట్టి పెట్టుకుంటే పెట్టుకోనట్టే!

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్‌పై గంటలకొద్దీ తొక్కేవారికి లోపల మెత్త ఉండే ప్యాడ్ షార్ట్స్ పెద్ద ఊరట. వాటి లోపల ఇంకేమీ వేసుకోకూడదు. వేసుకుంటే లోదుస్తుల కుట్లు ఒరుసుకుని చర్మం మండుతుంది.

తొక్కే శక్తిని వాట్లలో చూపే పవర్ మీటర్ పోటీలకు దిగేవారికి బాగా పనికొస్తుంది. రోజూ ఆఫీసుకు వెళ్లేవారు దానికి పెట్టే డబ్బులో కొంతతో ముందు మంచి లైట్లు కొనుక్కోవాలి.